ఉమ్రాకు (ముస్లింల మక్కా యాత్రకు) బయలుదేరే ముందు జాగ్రత్తలు

పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉందని చూసుకున్న తర్వాతే ఏజెంటుకు డబ్బు కట్టండి. మెనింజైటిస్ టీకాను సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకుని, ధ్రువపత్రాన్ని వెంట ఉంచుకోవాలి.

ఎక్కువమంది పొరపడేది ఎహ్రామ్ (యాత్రికుల దీక్ష, అందుకు ధరించే వస్త్రాలు) విషయంలోనే. హైదరాబాద్ నుంచి నేరుగా మక్కాకు వెళ్లేవారి విమానం జిద్దాలో దిగకముందే, ఎహ్రామ్ లేకుండా యాత్రికులు దాటకూడని సరిహద్దు అయిన మీఖాత్‌ను దాటుతుంది కనుక, ఆ వస్త్రాలను పెద్ద పెట్టెలో సర్దేయకుండా చేతిసంచిలో పెట్టుకోవడమో, శంషాబాద్‌లోనే ధరించడమో చేయాలి. నియ్యత్ (యాత్ర సంకల్పం) మాత్రం మీఖాత్ సమీపించినప్పుడు చేసుకోవచ్చు. ముందుగా మదీనా వెళ్లేవారికి ఈ తొందర లేదు, వారు మక్కాకు బయలుదేరేటప్పుడు మదీనా దగ్గరి మీఖాత్ అయిన జుల్ హులైఫా వద్ద ఎహ్రామ్ పాటిస్తారు.

మదీనాలోని ప్రవక్త మసీదు అయిన మస్జిదె నబవీలో, రౌజా (ప్రవక్త సమాధికి, ఆయన ప్రసంగ వేదికకు మధ్యనున్న స్థలం) సందర్శనకు సౌదీ ప్రభుత్వ నుసుక్ యాప్‌లో అనుమతి తీసుకోవాలి. హోటల్ ‘దగ్గరే’ అన్న మాటతో సరిపెట్టుకోక, ముఖ్యంగా వృద్ధులు వెంట ఉంటే, పవిత్ర మసీదు అయిన హరమ్‌కు నడక దూరాన్ని మీటర్లలో రాయించుకోండి.