క్యూ మీదుగా వెబ్ సర్వీసును పిలిస్తే 20 సెకన్లకే టైమౌట్: ఎక్కడ వెతకాలి?

సీన్ ఇది. అపాచీ క్యామెల్ (సిస్టమ్‌లను కలిపే జావా టూల్) రూట్ ఒకటి, అంటే మెసేజ్ నడిచే దారి, యాక్టివ్ ఎంక్యూ అనే మెసేజ్ బ్రోకర్‌లోని క్యూలో రిక్వెస్ట్ పెట్టి జవాబు కోసం కూర్చుంటుంది. అవతలి రూట్ దాన్ని తీసుకుని, సీఎక్స్ఎఫ్ అనే జావా లైబ్రరీతో సోప్ (ఎక్స్ఎంఎల్ మెసేజ్‌లతో నడిచే వెబ్) సర్వీసును పిలిచి, వచ్చినదాన్ని తిరిగి పంపుతుంది. టెస్టింగ్‌లో బంగారంలా నడుస్తుంది. ప్రొడక్షన్‌కి వెళ్లాక లాగ్ నిండా టైమౌట్ ఎక్సెప్షన్లే. అందరూ ముందు నెట్‌వర్క్ టీమ్ మీద పడతారు. నేనూ పడ్డాను.

లాగ్ పక్కన పెట్టి, బ్రోకర్ కన్సోల్ తెరవండి. మార్చకపోతే అది 8161 పోర్టులో ఉంటుంది. మీ క్యూ ఎదురుగా పెండింగ్ ఎన్ని, కన్జ్యూమర్లు (క్యూ నుంచి మెసేజ్ తీసుకునేవాళ్లు) ఎందరు, వచ్చినవెన్ని, పోయినవెన్ని అని కనిపిస్తాయి. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

కన్జ్యూమర్లు సున్నా

అవతలి రూట్ లేవలేదు, లేదా క్యూ పేరులో ఒక అక్షరం తేడా ఉంది. మామూలు సెట్టింగ్‌లో యాక్టివ్ ఎంక్యూ లేని క్యూని అప్పటికప్పుడు తయారుచేసేస్తుంది కాబట్టి, పేరు తప్పినా ఎర్రర్ రాదు.

టైమౌట్ వచ్చింది, కానీ పని జరిగిపోయింది

అసలు తలనొప్పి ఇదే. క్యామెల్‌లో క్యూతో మాట్లాడే జేఎంఎస్ భాగం జవాబు కోసం 20 సెకన్లే ఆగుతుంది. సీఎక్స్ఎఫ్ మాత్రం సోప్ సర్వీసు కోసం 60 సెకన్లు ఆగుతుంది. రెండూ డిఫాల్ట్‌లే, ఎవరూ ముట్టుకోరు. పైగా కన్జ్యూమర్ కూడా డిఫాల్ట్‌గా ఒక్కటే.

లెక్క వేసి చూడండి. ఒక్కో కాల్‌కి 3 సెకన్లు, ఒకేసారి 10 రిక్వెస్టులు. ఏడోది 18వ సెకనులో మొదలై 21కి ముగుస్తుంది. సర్వీసులో పని పూర్తయింది, కానీ పిలిచినవాడు అప్పటికే వెళ్లిపోయాడు. ఆ జవాబు వచ్చినప్పుడు లాగ్‌లో 'తెలియని కోరిలేషన్ ఐడీ' (ఏ జవాబు ఏ రిక్వెస్ట్‌దో చెప్పే గుర్తు) అన్న వార్నింగ్ పడుతుంది. ఎనిమిదోది ఇంకా అన్యాయం: మెసేజ్ ఆయుష్షు కూడా ఆ 20 సెకన్లే కాబట్టి, వంతు వచ్చేలోపే గడువు తీరి డెడ్ లెటర్ క్యూలో, అంటే అందని మెసేజ్‌లు చేరే చోట, తేలుతుంది.

మేం చేసిన తప్పు, టైమౌట్ రాగానే మళ్లీ పంపేలా రాయడం. ఏడో నంబరు కస్టమర్‌కి రెండు బిల్లులు వెళ్లాయి. ఆ సాయంత్రం టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి కన్జ్యూమర్లను పెంచండి, అయితే సర్వీసు తట్టుకునేంత వరకే. సోప్ టైమౌట్‌ని జేఎంఎస్ టైమౌట్ కన్నా తగ్గించండి, క్యూలో ఆగే సమయం కూడా కలుపుకుని. 20ని 120 చేసి ఊరుకోవడం పరిష్కారం కాదు, థ్రెడ్లు అన్నీ ఎదురుచూస్తూ కూర్చుంటాయి. మళ్లీ పంపక తప్పదంటే ప్రతి రిక్వెస్ట్‌కీ సొంత నంబరు ఇచ్చి, ఆ నంబరు ముందే వచ్చిందేమో అవతలి వైపు చూసుకోవాలి.

అవతల సోప్ ఫాల్ట్, ఇవతల ఉత్త టైమౌట్

సోప్ ఫాల్ట్ అంటే సర్వీసు తిరిగిచ్చే ఎర్రర్. దాంతో అవతల ఎక్సెప్షన్ వస్తే మామూలుగా జవాబు రాదు. ఎక్సెప్షన్‌నే జవాబుగా పంపే ట్రాన్స్‌ఫర్ ఎక్సెప్షన్ ఆప్షన్ పెట్టొచ్చు, కానీ రెండు వైపులా క్యామెలే ఉండాలి. నాకైతే ఫాల్ట్‌ని అక్కడే పట్టుకుని మామూలు జవాబుగా పంపడమే ఇష్టం.

క్యూ ఖాళీ, కన్జ్యూమర్ లాగ్ కూడా ఖాళీ

డెడ్ లెటర్ క్యూ చూడండి. మెసేజ్‌లు అక్కడుంటే రెండు సర్వర్ల గడియారాలు పోల్చండి. అవతలి గడియారం అర నిమిషం ముందుంటే, 20 సెకన్ల మెసేజ్ పుట్టుకతోనే చచ్చినట్టు లెక్క. టైమ్ సింక్ సరిచేయండి.

'వచ్చినవి' అంకె అసలు కదలదు

పంపే రూట్ ట్రాన్సాక్షన్‌లో ఉంది. కమిట్ (ఖరారు) అయ్యేదాకా మెసేజ్ కన్జ్యూమర్‌కి అందదు, జవాబు వచ్చేదాకా కమిట్ కాదు. రిక్వెస్ట్ పంపే భాగాన్ని ఆ ట్రాన్సాక్షన్ నుంచి బయటికి తీయండి.