వెనక యాక్సిల్ మార్చాక జీపు వణుకుతోందా? ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ చూడండి

పాత జీపుకి బలమైన యాక్సిల్ వేయించాక బ్రేకులు బాగా పడతాయి, చక్రాలు చక్కగా కూర్చుంటాయి. కానీ రోడ్డెక్కగానే బండి వణుకుతుంది, క్లచ్ వదిలితే కింద ‘టక్’మంటుంది. చాలామంది యాక్సిల్‌నే మళ్లీ విప్పిస్తారు. తప్పు ఎక్కువగా షాఫ్ట్‌లో (ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కి చేరవేసే తిరిగే గొట్టంలో) ఉంటుంది, అదీ కొలత తీసుకున్న పద్ధతిలో.

నేను చెప్పేది విలీస్ సీజే-3బీ తరహా జీపుల గురించి. మహీంద్రా 1940ల చివరి నుంచి మన దేశంలో విలీస్ జీపులు బిగించింది కాబట్టి ఇవి ఇప్పటికీ మన ఊళ్లలో కనిపిస్తాయి. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 80 అంగుళాలే, అంటే వెనక షాఫ్ట్ చాలా పొట్టి. పొట్టి షాఫ్ట్‌లో కొద్దిపాటి తేడా కూడా పెద్ద కోణమవుతుంది.

కిందికి దూరే ముందు ఒక జాగ్రత్త. ఈ బండ్లలో హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక యాక్సిల్‌లకి పంచే గేర్ల పెట్టె) వెనక ఉంటుంది, చక్రాల దగ్గర కాదు. షాఫ్ట్ విప్పేస్తే హ్యాండ్‌బ్రేక్ లాగినా బండి ఆగదు. నాలుగు చక్రాలకూ చెక్కదిమ్మలు పెట్టందే బోల్టు ముట్టుకోవద్దు.

గుంతల్లో పడినప్పుడు ‘ఢక్’మని కొడుతోంది, లేదా షాఫ్ట్ ఊడొచ్చింది

కారణం పొడవు. కొత్త యాక్సిల్‌లో పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే చిన్న గేరు) ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది. షాఫ్ట్ పొడవు ఎక్కువైతే కమాన్ పట్టీలు (స్ప్రింగులు) అణిగినప్పుడు స్ప్లైన్ (షాఫ్ట్ పొడవు మారేలా లోపలికీ బయటికీ జారే గాళ్ల భాగం) లోపలికి పూర్తిగా దిగి ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగ్‌ని గుద్దుతుంది. తక్కువైతే చక్రం కిందికి వేలాడినప్పుడు స్ప్లైన్ బయటికి వచ్చేస్తుంది.

మొదటిసారి నేను ఛాసిస్‌ని జాకీల మీద లేపి, యాక్సిల్ గాల్లో వేలాడుతుండగా కొలత ఇచ్చాను. లేత్ షాపులో నేను చెప్పినట్టే కోశారు. బండి దించేసరికి షాఫ్ట్ పొడవెక్కువైంది. ఆ ట్యూబు మళ్లీ కోయించాల్సి వచ్చింది.

పద్ధతి ఇది. బండి బరువంతా చక్రాల మీదే ఉండాలి, నేల సమంగా ఉండాలి. ఒక క్రాస్ (షాఫ్ట్ చివరి జాయింట్‌లో ఉండే కూడిక గుర్తు ఆకారపు ముక్క) మధ్య నుంచి రెండో క్రాస్ మధ్య వరకు కొలవండి. ఆ స్థితిలో స్ప్లైన్ లోపలికి దిగడానికి ఇంకా 25 మి.మీ. చోటు మిగలాలి. తర్వాత స్ప్లైన్ మీద జిప్ టై బిగించి, గుంతల దారిలో నెమ్మదిగా తిప్పి రండి. టై ఎక్కడికి జరిగిందో చూస్తే లోపలికి ఎంత దిగిందో తెలుస్తుంది. వేలాడినప్పుడు ఎంత పట్టు మిగులుతుందో ఛాసిస్ లేపి విడిగా చూడండి.

గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే వణుకు, కాలు తీస్తే తగ్గుతోంది

ఇది కోణం సమస్య. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే.

మామూలు యూనివర్సల్ జాయింట్ (క్రాస్ ఉండే జాయింట్) వంగి తిరిగితే వేగం ఒకేలా ఉండదు, ఒక్కో చుట్టుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని రెండో జాయింట్ సరిచేయాలంటే ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్, పినియన్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. బండి లాగుతున్నప్పుడు తేడా ఒక డిగ్రీలోపే ఉండాలి. తొక్కినప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కనుక, పట్టీల బండిలో నిలిచి ఉన్నప్పుడు సమాంతర స్థితి కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి పెట్టాలి.

ఈ జీపుల్లో మరో చిక్కుంది. స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్ కుడివైపు ఉంటుంది, అందుకే అసలు యాక్సిల్‌లో డిఫరెన్షియల్ (పినియన్, మిగతా గేర్లు ఉండే ఉబ్బు భాగం) కూడా కుడివైపే ఉంటుంది. దాని స్థానంలో డిఫరెన్షియల్ మధ్యలో ఉన్న యాక్సిల్ వేస్తే షాఫ్ట్ పక్కకి కూడా వాలుతుంది. షాఫ్ట్ 600 మి.మీ. పొడవుండి, పక్క వాలు 100 మి.మీ. అయితే అదొక్కటే దాదాపు తొమ్మిదిన్నర డిగ్రీలు. నిలువు వాలు ఎనిమిది డిగ్రీలుంటే మొత్తం పన్నెండు దాటుతుంది. పక్క నుంచి చూసి ‘బాగానే ఉంది’ అనుకుంటే మోసపోతాం, పై నుంచి కూడా కొలవాలి. డబుల్ జాయింట్ షాఫ్ట్ (ఒక చివర రెండు జాయింట్లు పక్కపక్కనే ఉండేది) ఇక్కడ అంతగా ఆదుకోదు. దానికి పినియన్ సూటిగా ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూడాలి, పక్క వాలు ఉన్నప్పుడు అది కుదరదు. నా మాట వింటే కుడివైపు డిఫరెన్షియల్ ఉన్న యాక్సిలే వెతకండి.

నిలువు కోణం సరిచేయడానికి పట్టీకీ యాక్సిల్ సీటుకీ మధ్య వాలు షిమ్‌లు (ఒకవైపు పలచగా ఉండే పలకలు) పెడతారు. ఇనుపవే వాడండి, అల్యూమినియంవి పగిలిపోతాయి. యాక్సిల్ ఎలాగూ బయటే ఉంటే సీట్లనే తీసేసి, పినియన్ కోణం చూసి చుక్క వెల్డింగ్ పెట్టి, బండి దింపి, మళ్లీ కొలిచాక పూర్తి వెల్డింగ్ చేయించండి. షాఫ్ట్ కోత ఇదంతా అయ్యాకే.

వేగం పెరిగేకొద్దీ వణుకు పెరుగుతోంది, తొక్కినా వదిలినా ఒకటే

బ్యాలెన్స్ తప్పింది, లేదా స్ప్లైన్ తప్పు గాడిలో దూర్చారు. షాఫ్ట్ రెండు చివర్ల యోక్ (క్రాస్‌ని పట్టుకునే రెండు చెవుల ముక్క) చెవులు ఒకే వరుసలో ఉండాలి. విప్పేముందు సుద్దతో గీత గీసుకుంటే ఈ బాధే ఉండదు.

వరుస సరిగా ఉంటే ట్యూబు వంకర చూడండి. డయల్ గేజ్ (సన్నని తేడాలు కొలిచే ముల్లు మీటరు) పెట్టి చేత్తో తిప్పితే ట్యూబు మధ్యలో వంకర 0.25 మి.మీ. దాటకూడదు. కుళాయి పైపు ముక్కతో షాఫ్ట్ చేయించొద్దు. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసమే వచ్చే ట్యూబు తెచ్చుకోండి. యోక్‌ని వరుస చూసి దూర్చి, నాలుగుచోట్ల చుక్క వెల్డింగ్ పెట్టి, గేజ్‌తో చూసి, అప్పుడే చుట్టూ వెల్డింగ్ చేయాలి. చివరికి బ్యాలెన్సింగ్ మెషీన్ ఎక్కించాల్సిందే.

క్రాస్‌లు త్వరగా పోతున్నాయి

కప్పు (క్రాస్ చివర్ల మీద ఉండే బేరింగ్ టోపీ) అంచుల్లో తుప్పు రంగు పొడి వేలికి అంటుకుంటే లోపల సూదుల్లాంటి బేరింగ్‌లు ఎండిపోయినట్టే. గ్రీజు కొట్టినా పొడి మళ్లీ వస్తుంటే క్రాస్ సైజు అనుమానించండి. స్పైసర్ క్రాస్ సైజుల్లో 1310, 1330 రెండింటికీ కప్పు 27 మి.మీ.లే, వెడల్పులు మాత్రం 81.8, 92.1 మి.మీ. 1350కి వెడల్పు 92.1, కప్పు 30.2. కప్పు పట్టిందని సరిపోయినట్టు కాదు. పాత షాఫ్ట్‌కీ కొత్త పినియన్ యోక్‌కీ సైజు వేరైతే, రెండు సైజులూ కలిసిన క్రాస్ దొరుకుతుంది. కుదిరితే యోక్‌నే మార్చండి.

ఫోర్ వీల్ వేస్తే బండి బిగుసుకుపోతోంది

ఇది షాఫ్ట్ తప్పు కాదు, కానీ షాఫ్ట్‌నే విరగ్గొడుతుంది. ముందు 5.38, వెనక 4.88 రేషియో (షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో ఆ లెక్క) ఉంటే రెండు యాక్సిల్‌లూ కొట్టుకుంటాయి. క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద గేరు), పినియన్ పళ్లు లెక్కపెట్టండి: 43కి 8 అయితే 5.38, 39కి 8 అయితే 4.88. రెండూ ఒకటయ్యేదాకా ఫోర్ వీల్ లివర్ ముట్టుకోవద్దు.

అన్నీ కుదిరాక ఓ వంద కిలోమీటర్లు తిప్పి, యూ బోల్టులు, క్రాస్ బోల్టులు మళ్లీ బిగించండి. కొత్త సీట్ల మీద పట్టీలు సర్దుకునేసరికి యూ బోల్టులు వదులవుతాయి.