పూల్ మానేయాలనుకునే పాత ఆటగాళ్లకు

ముందే చెప్తున్నా, ఇది పూల్‌ను, అంటే బల్ల మీద కర్రతో బాల్స్ కొట్టి మూలల గుంతల్లో వేసే ఆటను, నెలకోసారి సరదాకు ఆడేవాళ్ల కోసం కాదు. పొద్దుగూకితే చాలు కాళ్లు వాటంతట అవే పూల్ పార్లర్ మెట్లెక్కే వాళ్లకు, ఇంట్లో టైల్స్ చూసినా బాల్‌ను బల్ల అంచుకు కొట్టి తిప్పే బ్యాంక్ షాట్ ఎక్కడ తగలాలో లెక్కేసే వాళ్లకు. 1988లో హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు ఒక క్లబ్బులో స్నూకర్ (పూల్ లాంటిదే, బల్ల ఇంకా పెద్దది) బోర్డు పక్కన నిలబడి చూడటంతో మొదలైంది నాది, తర్వాత మా దగ్గరికి పూల్ టేబుళ్లు వచ్చాక ఇక ఆ గదిలోంచి బయటికి రాలేదు. 36 ఏళ్లు ఆడి ఒక దసరాకు మానేశాను. మధ్యలో ఒకసారి జారాను, అది కూడా చెప్తాను.

ఎందుకు మానేస్తున్నారో ముందు తేల్చుకోండి. పందేల వల్లా, రాత్రి పదకొండింటికి ఇంటికెళ్లడం వల్లా, ఒళ్లు సహకరించకనా? మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

ఒళ్లయితే మొదట కళ్లద్దాలు చూసుకోండి. 45 దాటాక చాలామందికి ప్రోగ్రెసివ్ అద్దాలు వస్తాయి, వాటిలో దూరం చూసే భాగం పైన, దగ్గరది చదివే భాగం కింద ఉంటుంది. క్యూ, అంటే ఆడే కర్ర, మీదికి వంగి గడ్డం కర్రకు ఆనించగానే చూపు అద్దం పై అంచు దగ్గరికి పోతుంది, ఫ్రేమ్ గీత వచ్చి సరిగ్గా టార్గెట్ బాల్ మీద పడుతుంది. రెండేళ్లు నేను చెయ్యి పోయిందనుకున్నాను, పోయింది చూపు. 1985లో స్నూకర్ ప్రపంచ చాంపియన్ అయిన డెన్నిస్ టేలర్ తలకిందులుగా పెట్టినట్టుండే పెద్ద అద్దాలు పెట్టుకుని ఆడేవాడు, కారణం ఇదే. అలాంటివి చేయించుకుందామని చౌరస్తాలో ఒక అద్దాల షాపులో అడిగితే అతను నన్ను ఎగాదిగా చూసి, రీడింగా అంకుల్, డ్రైవింగా అన్నాడు. మీ బాధ కేవలం ఇదైతే ఆట మానకండి, అద్దాలు మార్చండి.

నాది అంతటితో ఆగలేదు. నడుము వంచి, మెడ పైకెత్తి, రోజుకు రెండు గంటలు, ఏళ్ల తరబడి. ఎడమ చేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది, బ్రిడ్జి పెట్టే చేయి, అంటే క్యూ ముందు భాగానికి ఆనుగా బల్ల మీద పెట్టే చేయి అది. డాక్టరు సర్వైకల్, మెడ ఎముకల సమస్య అన్నాడు. మానేయమని కూడా అనలేదు, తగ్గించుకోండి అన్నాడు. తగ్గించడం అనేది మనలాంటి వాళ్లకు తెలియని విద్య కాబట్టి మానేయడమే తేలిక అనిపించింది.

ఆఖరి గేమ్ అని ఒకటి మాత్రం పెట్టుకోకండి. ఓడిపోతే ఇట్లా ఓడి ఎట్లా పోతా అనిపిస్తుంది, గెలిస్తే ఇంకా చెయ్యి బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఆఖరున వేయాల్సిన బ్లాక్ బాల్ పాకెట్ అంచుకు వచ్చి ఆగిపోయిందనుకోండి, ఆ బాల్ మీ నిద్రలో ఆరు నెలలు అక్కడే ఉంటుంది. మామూలుగా ఒక మంగళవారమో బుధవారమో ఆడేసి వచ్చి, అదే ఆఖరిదని తర్వాత అనుకోండి.

పార్లర్‌లో ఖాతా ఉంటే ఆ వారంలోనే కట్టేయండి, ఇది అన్నిటికంటే ముఖ్యం. మూడొందల బాకీ మిగిలినా అది ఇవ్వడానికి వెళ్తారు, వెళ్తే రాక్ పెట్టి, అంటే ఆటకు బాల్స్ పేర్చి ఉంటుంది, జోడీ తక్కువైందని ఎవడో పిలుస్తాడు. ఒక్కసారి కాగితం మీద లెక్క కూడా వేయండి. గంటకు 150, రోజుకు రెండు గంటలు, నెలకు 25 రోజులంటే 7,500. ఓడినోడే టేబుల్ కడతాడు కాబట్టి అందులో సగమే మీదనుకున్నా 3,750, పందేలు, మిర్చి బజ్జీలు వేరే. ఇంట్లో ఈ కాగితం చూపించాలా వద్దా అనేది మీ ధైర్యం.

చెప్పాల్సిన వాళ్లకు ఎదురుగా వెళ్లి చెప్పండి, ఫోన్‌లో కాదు. నేను దసరా రోజు పొద్దున ఆయుధ పూజలో క్యూను కూడా పెట్టి బొట్టు పెట్టాను, సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని పార్లర్‌లో టేబుళ్లు, స్కోరు చూసుకునే మా మార్కర్ అన్న ఇంటికి పోయాను. ఆయన చేతిలో బంగారం పెట్టి, అలయ్ బలయ్ తీసుకుని, అన్నా రేపట్నుంచి నేను రాను అన్నాను. పండక్కి ఏదో ఊరెళ్తున్నాననుకున్నాడు. మళ్లీ చెప్పాను. కాసేపు ఆకు వైపే చూసి, "ఏందిరా ఇట్లంటవు, ఆదివారమన్న రా" అన్నాడు. ఈ ఆదివారమన్న రా అనే మాటకు జవాబు ముందే తయారు చేసుకుని వెళ్లండి, నేను చేసుకోలేదు, మెట్లు దిగేటప్పుడు నోరు తడారిపోయింది.

ఇక సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది. అందరూ వాకింగ్ చేయమంటారు. నేనూ వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచాను, భద్రకాళి బండ్ మీద నడిచాను, మంచిదే, కానీ నడక గంటలో అయిపోతుంది, పైగా ఒక్కడివే నడిస్తే తల నిండా షాట్లే. మనకు లేనిది కసరత్తు కాదు, ఆ నలుగురు మనుషులు. అందుకే వాళ్లను వేరే చోట కూర్చోబెట్టండి. మా వాళ్లను నేను నక్కలగుట్టలో ఒక హోటల్‌కు చాయ్‌కి పిలిచాను. మొదటి రోజే పది నిమిషాలు కాకముందు ఒకడు ఉప్పు డబ్బాను బ్లాక్ చేసి, చాయ్ గ్లాసును కర్రతో కొట్టే వైట్ బాల్ చేసి, నిన్న ఎక్కడ ఫౌల్ అయ్యాడో చూపించడం మొదలుపెట్టాడు. ఆపలేదు నేను. రెండు నెలలకు వాళ్లకే విసుగొచ్చి పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకోవడం మొదలైంది.

ఫోన్‌లో పూల్ గేమ్ వేసుకోకండి. ఒక గీత గీసి బాల్ ఎటు పోతుందో అదే చూపించే ఆట, దాంతో మీ ఆకలి తీరదు, పెరుగుతుంది. టీవీలో చూడటం మాత్రం నేను మానలేదు, కాకపోతే పూల్ చూడను, స్నూకర్ చూస్తాను. ఏప్రిల్, మే నెలల్లో షెఫీల్డ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ 17 రోజులు నడుస్తుంది, చాలా ఆటలు మన సాయంత్రాలకే పడతాయి. 12 అడుగుల బోర్డు మీద వాళ్లు దూరం నుంచి బాల్‌ను గుంతలో వేసే లాంగ్ పాట్ చూస్తే నేనైతే అది కొట్టలేనని మనసుకు తెలుసు కాబట్టి చేతులు దురద పెట్టవు. ఇది నా సిద్ధాంతం, నవ్వుకుంటే నవ్వుకోండి.

జారిన సంగతి. ఫిబ్రవరిలో కరీంనగర్‌లో బంధువుల పెళ్లి. ఫంక్షన్ హాల్ వెనక గదిలో పూల్ టేబుల్ ఉంది, క్లాత్ చిరిగి ఒక మూలకు టేప్ అంటించి ఉంది, బాల్స్‌లో 6 నంబర్‌ది లేదు, దాని బదులు చిన్నగా ఉండే స్నూకర్ ఎర్ర బాల్ పెట్టారు. మా మేనల్లుడు "ఒక్క గేమే మామా" అన్నాడు. ఐదు ఆడాను. చిన్న బాల్, పెద్ద బాల్ కలిసిన ఆ దిక్కుమాలిన టేబుల్ మీద కూడా ఐదు. భోజనాలు అయిపోయాయి, మా ఆవిడ వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి, "ఆడితే ఆడినవు గని, మెడ నొప్పని రేపు నాకు చెప్పకు" అంది. రెండు రోజులు మెడకు పట్టీ వేసుకుని నిజంగానే చెప్పలేదు. మీకూ ఇలా జరగొచ్చు. జరిగితే అయిపోయింది ఇక ఆడదాం అనుకోకండి, ఆ రాత్రే ఇంట్లో చెప్పేసి మర్నాడు మళ్లీ చాయ్ హోటల్‌కే పొండి. ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన స్టీఫెన్ హెండ్రీ 2012లో రిటైరై 2020లో మళ్లీ వస్తున్నానని చెప్పాడు, అంతటివాడికే ఆగలేదు.

మిగిలింది క్యూ. అటక మీద పడేయకండి, మన వరంగల్ మే నెల ఎండకు రేకుల కింద పెట్టిన కర్ర వంకరపోతుంది, కారు డిక్కీ కూడా వద్దు. రెండు ముక్కలు విప్పి, క్యూ కొసకు రుద్దగా అంటిన నీలం పొడిని కొద్దిగా తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో రుద్ది, సంచిలో పెట్టి, గోడకు ఏటవాలుగా ఆనించకుండా బీరువాలో పడుకోబెట్టండి. ఆ నీలం పొడి పేరుకే చాక్, అందులో సుద్ద ఉండదు, సిలికా, గరుకు పొడి కలిపి చేస్తారు, 1897లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు. నా కుడి చొక్కా జేబు అడుగున ఇప్పటికీ ఆ నీలం ఉంది, ఎన్ని ఉతుకులైనా పోలేదు.

ఏడాది గడిచినా బీరువా తెరవాలని అనిపించకపోతే ఎవరికైనా ఇచ్చేయండి, అమ్మకండి, అమ్మితే వంద తక్కువిచ్చాడని మళ్లీ అదే ఆలోచన. నాది మార్కర్ అన్న కొడుక్కిచ్చాను. క్యూ కొసన ఉండే తోలు టిప్ అరిగి అంచు దాకా వచ్చింది, ఆడే ముందు మార్పించుకోమని చెప్పాను, వాడు తలూపాడు కానీ మార్పించినట్టు లేడు.