లండన్‌లో వంటిల్లున్న ఇల్లు తీసుకుంటే: ఎదురయ్యే ఇబ్బందులు, కారణాలు, పరిష్కారాలు

అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో కలిసి లండన్‌లో వారం పది రోజులు ఉండాలంటే రెండు హోటల్ గదుల కన్నా వంటిల్లున్న ఇల్లు ఎంతో హాయి. పొద్దున్న ఉప్మా, రాత్రి పప్పన్నం ఇంట్లోనే కానిచ్చుకుంటే ఖర్చు తగ్గుతుంది, పెద్దవాళ్లకు తిండి ఇబ్బందీ ఉండదు. మూడు రోజుల ట్రిప్పుకైతే ఇంత శ్రమ అక్కర్లేదు, హోటలే మేలు.

ఇల్లు తీసుకున్నవాళ్ల ఇబ్బందులు చాలావరకు బుకింగ్ రోజునే మొదలవుతాయి. సోఫా బాగుందా, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది అని చూస్తాం గానీ పొయ్యి ఏ రకం, మెట్లెన్ని, స్టేషన్ ఎంత దూరం అని అడగం. అందుకే అక్కడికి చేరాక ఏం చేయాలో చెప్తూనే, ముందే ఏం అడగాలో కూడా రాస్తున్నాను.

అద్దె బాగా తక్కువ, కానీ డబ్బు నేరుగా బ్యాంకులో వేయమంటున్నారు

కారణం ఒక్కటే: ఆ ఇల్లు వాళ్లది కాదు, లేదా అసలు లేదు. ఎవరిదో ఇంటి ఫొటోలు పెట్టి అడ్వాన్సు గుంజేస్తారు. "బుకింగ్ సైటు కమిషన్ మిగులుతుంది, బయట మాట్లాడుకుందాం" అన్నారంటే అక్కడితో ఆపేయండి. డబ్బు సైటులోనే, కార్డుతోనే కట్టాలి. ఫొటోలను గూగుల్‌లో ఇమేజ్ సెర్చ్ చేస్తే అవే ఫొటోలు ఇంకో ఊరి ఇంటికి ఉన్నాయేమో తెలిసిపోతుంది.

"ఎవరైనా అడిగితే చుట్టాలమని చెప్పండి" అన్నారు

ఇది చిన్న విషయం కాదు. లండన్‌లో ఒక ఇంటిని మొత్తంగా ఇలా కొద్దిరోజుల అద్దెకు ఇవ్వాలంటే, స్థానిక కౌన్సిల్ ఇచ్చే ప్లానింగ్ అనుమతి లేకుండా ఏడాదిలో 90 రాత్రులకు మించి ఇవ్వకూడదు. 2015లో వచ్చిన చట్టం ఇది. కొన్ని అపార్ట్‌మెంట్లలో లీజు షరతులు అసలు ఒక్క రాత్రికి కూడా ఒప్పుకోవు. అందుకే చుట్టాలని చెప్పమంటారు. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే పిల్లలతో, సామానుతో రోడ్డున పడేది మనం. చివరి నిమిషంలో బుకింగ్ రద్దయ్యే ఇళ్లలో కూడా కొన్నిచోట్ల కారణం ఈ 90 రాత్రుల లెక్కే.

ఈ మాట బుకింగ్‌కి ముందే వినిపిస్తే ఆ ఇల్లు వదిలేయండి. కట్టేశాక వినిపిస్తే, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి వెంటనే సైటు కస్టమర్ కేర్‌కు పంపి వేరే ఇల్లు అడగండి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నా సలహా సర్వీస్ అపార్ట్‌మెంట్, అంటే హోటల్‌లా సిబ్బంది చూసుకునే వంటిల్లున్న ఫ్లాట్. రోజుకు కొంచెం ఎక్కువైనా, ఏదన్నా పాడైతే పలికే మనిషి ఉంటాడు.

వీసా ఇంకా రాలేదు, ఇంటికి మాత్రం డబ్బు కట్టేశాం

వీసాకు కట్టేసిన బుకింగ్ చూపించాలన్న భయంతో చేసే పని ఇది. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బుకింగే చేయండి. రద్దుకు చివరి తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.

ఆరుగురికి సరిపోతుందన్నారు, బెడ్‌రూమ్‌లు రెండే

మిగతా ఇద్దరికీ హాల్లో సోఫా కమ్ బెడ్. రాత్రి దాన్ని పరిస్తే హాల్లో నడవడానికి చోటుండదు. "ఎంతమందికి" అన్న అంకె వదిలేసి బెడ్‌రూమ్‌లు, మంచాలు, టాయిలెట్లు లెక్కపెట్టండి. ఆరుగురికి ఒకే బాత్రూమ్ అంటే పొద్దున్న బయల్దేరేసరికి పదకొండు దాటుతుంది.

ఇల్లు బాగానే ఉంది, ఎక్కడికి వెళ్లాలన్నా అలసిపోతున్నాం

దీనికి రెండు కారణాలుంటాయి. ఒకటి, "సెంట్రల్ లండన్‌కు దగ్గర" అన్న మాట నమ్మి స్టేషన్‌కు దూరంగా తీసుకోవడం. రెండోది మెట్లు. ట్యూబ్, అంటే లండన్ మెట్రో రైలు, చాలా పాతది. చాలా స్టేషన్లలో లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు రోజూ ఆ మెట్లు ఎక్కి దిగడం శిక్షే. పాత ఇళ్లు కూడా అంతే, మూడో అంతస్తు అయినా లిఫ్ట్ ఉండదు.

నా మటుకు నేను ఇల్లు చూడను, ముందు లైను చూస్తాను. మనవాళ్లకు అనువైన చోట్లు కొన్ని:

హౌన్స్‌లో: హీత్రో విమానాశ్రయం నుంచి పికడిల్లీ లైన్‌లో నేరుగా వస్తుంది. అదే రైలు మ్యూజియంలున్న సౌత్ కెన్సింగ్టన్‌కు, పికడిల్లీ సర్కస్‌కు తీసుకెళ్తుంది.

సౌతాల్: ఎలిజబెత్ లైన్ మీద ఉంది. 2022లో మొదలైన ఈ లైన్లో స్టేషన్లన్నిటా లిఫ్టు గానీ ర్యాంపు గానీ ఉంది కాబట్టి పెద్దవాళ్లున్న కుటుంబానికి నేను మొదట చెప్పేది ఇదే. హీత్రో నుంచీ నేరుగా రావచ్చు, ప్యాడింగ్టన్, బాండ్ స్ట్రీట్‌కూ నేరుగా వెళ్లొచ్చు.

ఈస్ట్ హ్యామ్: దక్షిణాది సరుకుల కొట్లు, టిఫిన్ హోటళ్లు దండిగా ఉంటాయి, మురుగన్ గుడి ఉంది. డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే టవర్ హిల్, వెస్ట్‌మినిస్టర్ దగ్గర దిగొచ్చు. హీత్రోకు మాత్రం ఊరికి అటువైపు కొసన ఉంటుంది.

లండన్‌ను రైలు ఛార్జీల కోసం జోన్లుగా విడగొట్టారు, ఊరి నడిబొడ్డు ఒకటో జోన్; ఇవన్నీ మూడు, నాలుగు జోన్లలోని చోట్లు. రోజూ రెండు పూటలా రైల్లో కూర్చోవాలి, కానీ ఒకటో జోన్‌లో అదే డబ్బుకు అగ్గిపెట్టంత స్టూడియో వస్తుంది. ఇంటివాళ్లను పోస్ట్‌కోడ్ అడిగి, దాన్ని టీఎఫ్‌ఎల్ (లండన్ రవాణా సంస్థ) జర్నీ ప్లానర్‌లో వేసి, మెట్లు లేని దారి మాత్రమే చూపమని అడగండి. శని, ఆదివారాల్లో మరమ్మతుల కోసం లైన్లు మూస్తుంటారు. ఆ రోజులు వేసి కూడా ఒకసారి చూడండి. క్రిస్మస్ రోజు ట్యూబూ, బస్సులూ రెండూ ఉండవు.

స్టేషన్ గేటు దగ్గర బ్యాంకు కార్డు పనిచేయడం లేదు

మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ (కార్డు తాకించి కట్టడం) సాధారణంగా ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో రెండింటినీ విడివిడిగా ఆన్ చేయాలి. ఇది ఇండియాలోనే చేసుకోవాలి, అక్కడ ఓటీపీ రాక అవస్థ పడతారు. కార్డు మీద వీసా గానీ, మాస్టర్‌కార్డ్ గానీ, అమెక్స్ గానీ గుర్తు ఉండాలి.

ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు, మనిషికొకటి కావాలి. లేకపోతే ముందే డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు, ఆయిస్టర్ కార్డు కొనుక్కోండి. ట్యూబ్‌లో లోపలికి వెళ్లేటప్పుడు ఏది తాకించారో బయటికి వచ్చేటప్పుడూ అదే తాకించాలి; కార్డుతో వెళ్లి ఫోన్‌తో వస్తే ఇద్దరు మనుషుల లెక్క కింద ఎక్కువ ఛార్జీ పడుతుంది. పదకొండేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో ట్యూబ్‌లో, బస్సులో ఉచితం. పదకొండు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు ఆయిస్టర్ కొని, ట్యూబ్ స్టేషన్‌లో సిబ్బందిని అడిగితే యంగ్ విజిటర్ డిస్కౌంట్ వేస్తారు, 14 రోజుల వరకు సగం ఛార్జీ. చాలామంది ఇది తెలియక పూర్తి టికెట్ పెడుతున్నారు. బస్సుల్లో నోట్లు, చిల్లర తీసుకోరు.

పొద్దున్నే దిగాం, సాయంత్రం దాకా ఇల్లు ఇవ్వరట

ఇళ్లు చాలావరకు మధ్యాహ్నం మూడు, నాలుగింటికి ఇస్తారు. సామాను పెట్టుకోనిస్తారా అని ముందే అడగండి. వద్దంటే ప్యాడింగ్టన్, కింగ్స్ క్రాస్ లాంటి పెద్ద స్టేషన్లలో డబ్బు తీసుకుని సామాను దాచే కౌంటర్లున్నాయి.

స్టవ్ అసలు వెలగడం లేదు

కంగారుపడి ఇంటివాళ్లకు ఫోన్ చేసేముందు గోడ చూడండి. వంటగట్టు పైన పెద్ద ఎర్ర స్విచ్ ఒకటి ఉంటుంది; అది కుక్కర్ మెయిన్ స్విచ్. ముందున్నవాళ్లు వెళ్తూ ఆపేసి ఉంటారు. అది వేసినా పని చేయకపోతే స్టవ్ మీద తాళం గుర్తు చూడండి, చైల్డ్ లాక్ పడి ఉంటుంది. ఆ గుర్తు మీద కొన్ని సెకన్లు వేలు అదిమి పట్టుకుంటే పోతుంది. కొన్ని ఓవెన్లు గడియారం సెట్ చేసేదాకా వేడెక్కవు.

స్టవ్ వెలుగుతోంది, మన కుక్కర్ మాత్రం వేడెక్కడం లేదు

అది ఇండక్షన్ స్టవ్, మీది అల్యూమినియం కుక్కర్. ఇండక్షన్‌కు అడుగు అయస్కాంతానికి అంటుకునే గిన్నె కావాలి. ఇంట్లోనే ఫ్రిజ్ అయస్కాంతం అడుగున పెట్టి చూడండి, అంటుకుంటే సరే. ఇంటివాళ్లకు "మీది గ్యాసా, ఇండక్షనా, మామూలు సిరామిక్ స్టవ్వా" అని ఒక్క మెసేజ్ పెడితే తేలిపోతుంది, ఎందుకంటే ఫొటోలో ఇండక్షనూ సిరామిక్కూ ఒకేలా నల్లగాజులా కనిపిస్తాయి.

మిక్సీ, రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చు. కరెంటు మనలాగే 230 వోల్టులు. ప్లగ్ మాత్రం వేరు, మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది. ఫ్యూజున్న మంచి అడాప్టర్ కొనండి, ఒకే సాకెట్‌కు రెండు వంట సామాన్లు తగిలించకండి.

తాలింపు వేయగానే అలారం మోగింది

ఎక్కువ కంగారుపెట్టేది ఇదే. వంటిల్లు, హాలు ఒకటే గదిగా ఉన్న ఫ్లాట్లలో పొగ అలారం హాల్లోనే ఉంటుంది. పైన చిమ్నీ ఉంది కదా అనుకుంటాం; కానీ చాలా ఫ్లాట్లలో అది పొగను బయటికి పంపదు, ఫిల్టర్‌లోంచి వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఎండుమిర్చి ఘాటు దానికి ఆగదు.

వంట మొదలుపెట్టకముందే కిటికీ తీయండి, చిమ్నీ ఫుల్‌లో పెట్టండి, బెడ్‌రూమ్ తలుపులు వేసేయండి. నూనె పొగలు కక్కేదాకా ఆగకుండా, మధ్యరకం వేడిలో చిన్న గిన్నెలో తాలింపు వేసి మూత పెట్టండి. చేపల వేపుడు, పూరీల లాంటివి ఆ వారం పెట్టుకోకపోవడమే మంచిది. కందిపొడి, కారప్పొడి, పులిహోర పేస్టు తీసుకెళ్తే వేపుడు పని సగం తగ్గిపోతుంది.

మోగితే కిటికీలన్నీ తీసి, అలారం కింద తువ్వాలుతో గాలి విసరండి. మెట్లవైపు తలుపు మాత్రం తీయకండి. ఆ పొగకు బిల్డింగ్ అలారం మోగిందంటే అందరూ బయటికి రావాలి. అలారానికి ప్లాస్టిక్ కవరు చుట్టడం, బ్యాటరీ తీయడం అసలు చేయొద్దు. రాత్రి నిజంగా మంట లేస్తే లేపేది అదొక్కటే.

ఆదివారం సాయంత్రం దిగాం, పాలు కూడా దొరకలేదు

ఇంగ్లండ్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లు ఆదివారం ఆరు గంటలే తెరుస్తాయి, అదీ పొద్దున పది, సాయంత్రం ఆరు మధ్యలోనే. చట్టమే అలా ఉంది. చిన్న కొట్లకు ఈ నియమం లేదు. పేరులో ఎక్స్‌ప్రెస్, లోకల్ అని ఉండే చిన్న శాఖలు రాత్రిదాకా ఉంటాయి. పాలడబ్బా మూత రంగు చూసుకోండి: నీలం మూతవి చిక్కటి పాలు, ఆకుపచ్చవి సగం వెన్న తీసినవి, ఎర్రవి పూర్తిగా వెన్న తీసినవి. పెరుగుకు, టీకి నీలం మూతవే.

సోనామసూరి బియ్యం, కరివేపాకు, గోంగూర లాంటివి పైన చెప్పిన పేటల్లోనే చూడాలి. ఇండియా నుంచి పాల పదార్థాలు, మాంసం పదార్థాలు తీసుకెళ్లకూడదు: నెయ్యి, పాలకోవా, పనీర్, చికెన్ పచ్చడి అన్నీ అందులోకే వస్తాయి. పట్టుకుంటే తీసేసుకుంటారు. ఎండు కొబ్బరి చిప్పలను మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు, తేలిగ్గా అంటుకుంటుందని. ఆవకాయను గట్టిగా సీల్ చేసి చెకిన్ బ్యాగులో పెట్టండి.

ఇద్దరు స్నానం చేశాక వేడినీళ్లు అయిపోయాయి

కొన్ని ఇళ్లలో నీళ్లు పెద్ద ట్యాంకులో కాగి ఉంటాయి. అవి అయిపోతే మళ్లీ కాగేదాకా ఆగాలి. ట్యాంకున్న అల్మారా దగ్గర బూస్ట్ బటన్ ఉంటే నొక్కండి, సగం మంది రాత్రే స్నానం చేయండి. మొదటి నుంచీ చన్నీళ్లే వస్తే బాత్రూమ్ పైకప్పు నుంచి వేలాడే తాడు చూడండి; ఎలక్ట్రిక్ షవర్‌కు స్విచ్ అదే. బాయిలర్ మీద ఎర్రదీపమో ఎర్రర్ కోడో కనిపిస్తే ఫొటో తీసి ఇంటివాళ్లకు పంపండి, మీరు విప్పొద్దు.

టాయిలెట్‌లో జెట్ స్ప్రే ఉండదు. ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడేసుకోండి.

వెళ్లిపోయాక డిపాజిట్‌లోంచి కోత పెట్టారు

చాలావరకు పసుపు మరకలు, నూనె జిడ్డు, చెత్త. తెల్ల రాతి గట్టు మీద పసుపు పడితే వెంటనే తుడవాలి, ఆరాక పోదు. చెత్తను ఏ డబ్బాలో, ఏ రోజు బయట పెట్టాలో పేటను బట్టి మారుతుంది; మొదటి రోజే అడిగి ఫ్రిజ్ మీద రాసి పెట్టండి. రాత్రి పదకొండు దాటాక గట్టిగా మాట్లాడుకోవడం, వాషింగ్ మెషీన్ వేయడం వద్దు. దిగిన వెంటనే ఒకసారి, తాళం ఇచ్చేముందు ఒకసారి వంటిల్లు, బాత్రూమ్, పరుపులు వీడియో తీసి, ఆ రోజే సైటు మెసేజ్‌లో ఇంటివాళ్లకు పంపేయండి.