స్పోర్ట్స్ కారుకి బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు కొనేముందు

మా షాపు విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక వీధిలో. బ్రేకుల సామాను అమ్ముతాను, అడిగితే బిగించి కూడా పంపిస్తాను. మన ఊళ్లో స్పోర్ట్స్ కార్లు ఎన్నుంటాయిలే అనుకుంటారు గానీ, హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్‌లో దిగినవి బాగానే తిరుగుతున్నాయి. మస్టాంగ్, జెడ్4, కేమన్, ఆక్టేవియా ఆర్‌ఎస్. వాటిని తోలే కుర్రాళ్లు కౌంటర్ దగ్గరికి రాగానే అడిగేది ఒకటే: “బాబాయ్, చిల్లుల డిస్కులున్నాయా?”

నేను అడిగేది వేరు. “బండి ఎక్కువగా ఎక్కడ తిప్పుతావు?”

దీనికి నిజం చెప్తే సగం పని అయిపోయినట్టే. బందరు రోడ్డు మీద కాఫీకి వెళ్లొచ్చే బండి ఒక రకం. ఆదివారం తెల్లారగట్ల హైదరాబాద్ హైవే ఎక్కే బండి ఇంకో రకం. ఏడాదికోసారైనా చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లే బండి మూడో రకం. మోడల్ ఒకటే అయినా ముగ్గురికీ ఒకే ప్యాడ్ ఇవ్వను.

బ్రేకు చేసే పనల్లా వేగాన్ని వేడిగా మార్చడం. టన్నున్నర బండిని 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే సుమారు 580 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. 160 నుంచి ఆపితే 1,480 దాకా వెళ్తుంది. వేగం ఒకటిన్నర రెట్లు దాటిందంతే, వేడి రెండున్నర రెట్లయింది. అందులో ఎక్కువ భాగం ముందు చక్రాలే మొయ్యాలి. రోహిణి కార్తెలో బ్రేకులు పట్టకపోతే ఎండ మీదకి తోసేస్తారు చాలామంది. నాలుగైదు వందల డిగ్రీలకి వెళ్లే డిస్కుకి మన 45 డిగ్రీల ఎండ ఏ మూలకి?

ఇక ప్యాడ్లు. ఆర్గానిక్ ప్యాడ్ మెత్తన, శబ్దం రాదు, డిస్కుని తినదు. కానీ వేడెక్కితే చేతులెత్తేస్తుంది కాబట్టి స్పోర్ట్స్ కారుకి దాన్ని మర్చిపోండి. సిరామిక్ రకానికి బూడిద తక్కువ, అల్లాయ్ వీల్స్ నల్లబడవు. ఊళ్లో తిరిగే ఫాస్ట్ కారుకి మంచి కంపెనీ సిరామిక్ సరిపోతుంది. సెమీ మెటాలిక్‌లో ఉక్కు పీచు, ఇనుప పొడి కలుస్తాయి. వేడిని బాగా తట్టుకుంటుంది, పెడల్ నొక్కగానే గట్టిగా పట్టేస్తుంది, కాకపోతే కాస్త కీచుమంటుంది, వీల్స్ వారం తిరక్కుండానే మసిబారతాయి. హైవే మీద గట్టిగా తోలేవాళ్లకి నేను ఇచ్చేది ఇదే.

రేస్ ప్యాడ్ల దగ్గరే తెలివైనవాళ్లు కూడా బోల్తా పడతారు. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒకాయన కొడుకు ఆన్‌లైన్‌లో ట్రాక్ ప్యాడ్లు తెప్పించుకుని బిగించుకున్నాడు. పొద్దున్నే ఇంటి సందులోంచి బయటికి తీస్తే మొదటి బ్రేకుకి బండి ఆగనట్టే ఉందట, రెండోదానికి వీధంతా వినపడేలా కీచుమందట. ఫోన్ చేసి “బాబాయ్, పీస్ డూప్లికేట్ ఏమో” అన్నాడు. పీస్ అసలైనదే. ట్రాక్ ప్యాడ్ వేడెక్కితేనే పట్టు చూపిస్తుంది, అరండల్‌పేట సిగ్నళ్ల మధ్య అది వేడెక్కేదెప్పుడు? రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్యరకం కావాలంటే ఈబీసీ ఎల్లోస్టఫ్, ఫెరోడో డీఎస్2500 లాంటివి ఉన్నాయి. అవైనా పొద్దుటి మొదటి బ్రేకుకి కొంచెం మొండికేస్తాయని ముందే చెప్పి ఇస్తాను.

పెట్టె మీద రాసింది చదివి మోసపోవద్దు. ప్యాడ్ తిప్పి వెనక రేకు చూడండి. చాలా ప్యాడ్ల మీద రేకు మీదో అంచు మీదో అంకెల వరస, దాని చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు అచ్చేసి ఉంటాయి: ఈఈ, ఎఫ్ఎఫ్, జీజీ, ఎఫ్ఈ ఇలా. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు ఎంతో చెప్తుంది, రెండోది బాగా వేడెక్కాక ఎంతో చెప్తుంది. “ఈ” అక్షరం ఉంటే ఘర్షణ గుణకం (అంటే పట్టు కొలత) 0.25 నుంచి 0.35 మధ్య, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు జారిపోతుందని అర్థం. ఫాస్ట్ కారుకి రెండక్షరాలూ ఎఫ్‌కి తగ్గకూడదు. అలాగని జీజీ కనిపించగానే ట్రాక్ ప్యాడ్ అనుకోకండి. ఆ పరీక్ష ల్యాబులో చిన్న ముక్క మీద చేస్తారు, అందులో వేడి 340 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. యూరప్ ప్యాడ్ల మీద వలయంలో ఇంగ్లీషు “E” అక్షరం, పక్కన 90ఆర్ అని మొదలయ్యే నంబరు ఉంటే అది అక్కడి ఆర్90 ప్రమాణం. దాని ప్రకారం పట్టు బండితో వచ్చిన అసలు ప్యాడ్‌కి దగ్గరగా ఉన్నట్టు పరీక్షించి చూపించాలి. రోడ్డు మీద తిరిగే బండికి నేను ముందు వెతికేది ఆ గుర్తునే.

చిల్లుల డిస్కుల సంగతికి వద్దాం. వెనకటి ప్యాడ్లు వేడెక్కితే గ్యాస్ వదిలేవి, అది బయటికి పోవడానికి చిల్లులు పనికొచ్చేవి. ఇప్పటి ప్యాడ్లతో ఆ బాధ పెద్దగా లేదు. వానలో తడి త్వరగా పోతుందన్నది నిజమే. కానీ పదే పదే వేడెక్కి చల్లారితే బీటలు ముందు మొదలయ్యేది ఆ చిల్లు అంచులోనే. మీ పోర్షే ఫ్యాక్టరీ నుంచే చిల్లులతో వచ్చిందా, అదే రకం మళ్లీ వేయండి, వాళ్లు లెక్క చూసుకునే చేశారు. మామూలు డిస్కుకి ఎవరో డ్రిల్ కొట్టి అమ్మేది మాత్రం ఎంత చవకైనా వద్దు. గాడి డిస్కు మేలు: ప్యాడ్ ముఖాన్ని గీరి శుభ్రంగా ఉంచుతుంది, బదులుగా ప్యాడ్ కాస్త త్వరగా అరుగుతుంది, గరగరమని శబ్దం వస్తుంది. ట్రాక్‌కి వెళ్లనివాళ్లకి హై కార్బన్ ఇనుముతో చేసిన, ఏ చిల్లూ గాడీ లేని వెంటిలేటెడ్ డిస్కే (రెండు పలకల మధ్య గాలి పోయే రెక్కలున్నది) నా సలహా. చూడ్డానికి షో ఉండదు, నిజమే.

అసలు డిస్కు మార్చాలా అన్నది ముందు కొలవండి. డిస్కు టోపీ (మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగం) మీదో అంచు మీదో కనిష్ఠ మందం ఎంతో పోత పోసి ఉంటుంది. తుప్పులో కనపడకపోతే వైర్ బ్రష్‌తో రుద్దండి. వెర్నియర్‌తో కొలిస్తే దెబ్బతింటారు: బయటి అంచు అరక్కుండా గట్టులా మిగిలిపోతుంది, వెర్నియర్ దవడలు ఆ గట్టు మీదే ఆగి ఎక్కువ చూపిస్తాయి. మైక్రోమీటర్‌తో, అంచు నుంచి వేలెడు లోపలికి వెళ్లి, చుట్టూ ఆరేడు చోట్ల చూడాలి. చాలా డిస్కుల్లో కొత్తదానికీ కనిష్ఠానికీ తేడా రెండు మూడు మి.మీ. మాత్రమే. అందుకే మా వీధిలో “లేత్ పట్టిస్తే కొత్తదైపోద్ది” అని ఎవరన్నా అంటే, పట్టించాక ఎంత మిగులుతుందో అడగండి. పలచబడిన డిస్కు వేడిని దాచుకోలేదు.

సైజు విషయంలో మోడల్ పేరు నమ్ముకోవద్దు, ఛాసిస్ నంబరు ఇవ్వండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి కార్లయితే స్టెప్నీ పెట్టే గుంటలో కోడ్లు రాసిన ఒక స్టిక్కర్ ఉంటుంది. ముందు బ్రేకు ఏ రకమో ఆ కోడ్లలోనే ఉంటుంది. ఆ కుటుంబంలో 312, 340 మి.మీ. రెండు సైజులూ వాడారు, పక్కపక్కన పెడితే తప్ప కంటికి తేడా తెలియదు. డిస్కులూ ప్యాడ్లూ ఎప్పుడూ జంటగానే, ఒక ఇరుసుకి రెండు వైపులా మార్చాలి. లోపలి రెక్కలు వంపు తిరిగిన డిస్కులైతే కుడి వేరు, ఎడమ వేరు. బిగించాక పైభాగంలో చూస్తే రెక్కలు లోపలి నుంచి బయటికి వస్తూ బండి వెనక్కి వాలి ఉండాలి, అప్పుడే గాలి సరిగ్గా తోస్తుంది. చాలామంది పైన గాడి చూసి దిశ తేలుస్తారు, చూడాల్సింది రెక్కల్ని.

కార్బన్ సిరామిక్ డిస్కులున్న బండి అయితే దానికి చెప్పిన ప్యాడ్ తప్ప ఇంకేదీ పెట్టొద్దు. ఆ డిస్కుల ఖరీదు లక్షల్లో.

బిగించేవాడి దగ్గర పక్కనే నిలబడండి, మొహమాటపడొద్దు. హబ్ (డిస్కు బిగించే చోటు) ముఖం మీద తుప్పు పొర మిగిలినా డిస్కు వంకరగా కూర్చుంటుంది, డిస్కు తిప్పి చూస్తే ఊగు డయల్ గేజ్ మీద 0.05 మి.మీ. దాటితే కొన్నాళ్లకి స్టీరింగ్ అదరడం మొదలవుతుంది. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. వెనక ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాకే పిస్టన్ లోపలికి నొక్కాలి, బలవంతంగా తోస్తే మోటార్ పోతుంది. పాత ప్యాడ్ల బూడిదని గాలి గొట్టంతో ఊదనివ్వకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎలాగూ విప్పారు కాబట్టి రెండేళ్లు దాటిన బ్రేక్ ఫ్లూయిడ్ కూడా మార్పించండి. కొత్త డాట్ 4 రకం ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక అదే 155కి పడిపోవచ్చు. కృష్ణ ఒడ్డున ఉండి తేమ గురించి నేను చెప్పక్కర్లేదు.

కొత్త ప్యాడ్, కొత్త డిస్కు ఒకదానికొకటి అలవాటు పడాలి. తెల్లవారుజామున అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, వెనకా ముందూ ఎవరూ లేరని చూసుకుని, 80 నుంచి 15 దాకా ఓ మోస్తరుగా బ్రేకు వేస్తూ ఎనిమిది పదిసార్లు తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. కాలిన వాసన వస్తుంది, కంగారు పడకండి. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లారనివ్వండి. ఆ వేడి మీద వాటర్ సర్వీసింగ్‌కి మాత్రం వెళ్లొద్దు.

హైవే మీద గట్టిగా వచ్చి కాజ టోల్ దగ్గర బ్రేకు తొక్కి, క్యూలో పెడల్ మీద కాలు అలాగే ఉంచేవాళ్లున్నారు. కాలుతున్న ప్యాడ్ ఆ ఒక్కచోట డిస్కుకి అంటుకుని మచ్చ వేస్తుంది, నెల తిరిగేసరికి “డిస్కు వంకర పోయింది, వారంటీలో మార్చు” అని వస్తారు. క్యూలో కాలు తీసి హ్యాండ్ బ్రేక్ వేయండి.

వెయ్యి కిలోమీటర్లయ్యాక ఒకసారి చక్రం విప్పించి లోపలి ప్యాడ్ చూడండి. బయటిదానికన్నా బాగా అరిగి ఉంటే ప్యాడ్ తప్పు కాదు, చాలాసార్లు స్లయిడ్ పిన్ (ప్యాడ్లని నొక్కే కాలిపర్ అటూఇటూ జరగడానికి ఉండే పిన్) బిగుసుకుని ఉంటుంది. పిన్ శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పూయాలి, రబ్బరు బూటు చిరిగి ఉంటే అదీ మార్చాలి.