రాత్రి పదింటికీ చల్లబడని శ్లాబు: సమస్య - పరిష్కారం

విజయవాడలో పై అంతస్తులో కొత్తగా చేరినవారు రోహిణి కార్తెలో చెప్పే బాధ ఒకటే: మధ్యాహ్నం కంటే రాత్రే గది ఎక్కువగా ఉడికిపోతుంది, ఏసీ ఆపిన కాసేపటికే మళ్లీ ఉక్క మొదలవుతుంది.

కారణం. అయిదంగుళాల కాంక్రీటు వేడిని అడ్డుకోదు. పగలంతా పీల్చుకుని, కొన్ని గంటలు ఆలస్యంగా కిందికి వదులుతుంది. రాత్రి తొమ్మిదింటికి, ఫ్యాను ఆపిన తర్వాతే, స్టూలెక్కి శ్లాబు అడుగున అరచేయి ఆనించండి. వెంటనే అదే చేతిని లోపలి గోడకు ఆనించండి. పైన చురుక్కుమని, గోడ మామూలుగా ఉంటే దోషం శ్లాబుదే.

పరిష్కారం. చాలామంది ఫాల్స్ సీలింగ్ వేయిస్తారు. దానివల్ల కొంత ఉపశమనం ఉన్నా, శ్లాబు మాత్రం కాగుతూనే ఉంటుంది కనుక, ఎండను శ్లాబు పైనే ఆపడం మేలని నా గట్టి అభిప్రాయం. ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నీళ్లు కట్టి 48 గంటలు పరీక్షించాలి. దానిపై 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని అడ్డుకునే గట్టి ఫోమ్) బోర్డులు సందు లేకుండా పరిచి, కోళ్ల జాలీ వేసి, వాన గొట్టం వైపు వాలు ఉండేలా కాంక్రీటు పోసి, తెల్ల టైలు ముక్కలు పరిపించాలి. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత, పైకప్పు గుండా వేడి ప్రసారం చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లు మించకూడదంటుంది. ఉత్త శ్లాబు ఆ హద్దును బాగా దాటుతుంది, ఈ బోర్డులు వేస్తే ఆ హద్దులో దాదాపు సగానికి దిగుతుంది. డబ్బు చాలకపోతే తెల్ల కూల్ రూఫ్ పెయింటైనా వేయించండి. దుమ్ము పట్టిన కొద్దీ దాని గుణం తగ్గుతుంది గనుక ఏటా వేసవికి ముందే కడిగించాలి.

అంతా చేసినా పడమటి గోడ పైభాగం కాలుతోందా? మా ఇంట్లో జరిగింది ఇదే. మేస్త్రి పిట్టగోడ మొదట్లో రెండు వేళ్ల సందు వదిలి బోర్డులు పరిచి, ఆ సందును సిమెంటుతో పూడ్చాడు. శ్లాబు అంచు, బీము, సన్‌షేడ్ అన్నీ ఒకే కాంక్రీటు కాబట్టి ఎండ ఆ దారినే లోపలికి వస్తుంది. మంచు దేశాల కలప ఇళ్లలో అంతస్తు దూలాల చివర, బయటి గోడ వెంట ఉండే రిమ్ జాయిస్ట్ కూడా ఇలాంటి బలహీనమైన చోటే. అక్కడ లోపలి వెచ్చదనం బయటికి పోతుంది, గదిలోని తేమగాలి చల్లని చెక్కకు తగిలి నీరవుతుంది, అందుకే గట్టి ఫోమ్ ముక్కలు కోసి అమర్చి చుట్టూ సీలు చేస్తారు. మనం బోర్డును పిట్టగోడ లోపలి వైపు ఒక అడుగు పైకి ఎక్కించి, పడమటి వైపు శ్లాబు అంచుకూ బయటి గోడకూ తెల్ల రంగు వేయించాలి.

వానలకు సీలింగుపై చెమ్మ మరకలు వస్తే, పరీక్షించకుండానే బోర్డులు పరిచారని అనుమానించాలి. పైపై పూతలతో కాలయాపన చేయకుండా, వాన గొట్టం మూతి చుట్టూ టైళ్లు తీయించి మొదట అక్కడే చూడండి. ఎక్కువసార్లు లీకు ఆ అతుకులోనే దొరుకుతుంది.