పాఠం ఏ పద్ధతిలో ఉందో తేల్చేముందు కాస్త ఆగండి

పద్ధతి అంటే రాసినాయన విషయాన్ని పేర్చిన తీరు: వరుసక్రమం, కారణం-ఫలితం, సమస్య-పరిష్కారం, పోలిక, వర్ణన లాంటివి. ముందు హెడ్డింగులు, బొమ్మల కింద లైన్లు ఓసారి చూసేయండి, పెన్ను తర్వాత తీయొచ్చు.

సిగ్నల్ పదాల్ని, అంటే పద్ధతి ఏంటో సూచించే "తర్వాత", "అందుకే" లాంటి మాటల్ని, గుడ్డిగా నమ్మొద్దు. "తర్వాత" కనిపించగానే వరుసక్రమం అని టిక్ పెట్టేస్తారు చాలామంది (నేనూ పెట్టా, మార్కులు పోయాయి). టైటానిక్ సంగతే తీసుకోండి, 1912 ఏప్రిల్ 14 రాత్రి మంచుకొండని గుద్దుకుంది, తర్వాత 15 తెల్లవారుజామున మునిగింది అని చెప్పుకుంటూ పోతే అది వరుసక్రమం, అదే ఓడలో దాదాపు 2,200 మంది ఉంటే లైఫ్‌బోట్లలో చోటు 1,178 మందికే, అందుకే అంతమంది పోయారు అంటే కారణం-ఫలితం, ఇక ఆ లోటు పూడ్చడానికి 1914లో అందరికీ బోట్లు ఉండాలని అంతర్జాతీయ ఒప్పందం రాశారు అన్నదాకా వెళ్తే సమస్య-పరిష్కారం అయిపోతుంది. ఓడ ఒకటే, రాసినాయన ఏం చెప్పాలనుకున్నాడో అదే మారింది.

పోలిక అనాలంటే రెండు విషయాలు ఉండాలి, రెండింటినీ ఒకే కోణంలో చూపించాలి. ఒకదాని గురించే లక్షణాలు చెప్తుంటే అది వర్ణన, అంతే.

పేరా పేరాకి పద్ధతి మారొచ్చు, కాబట్టి పక్కన చిన్నగా రాసుకోండి, మొత్తానికి ఏది ఎక్కువుందో చివర్లో చూద్దురు.